థైరాయిడ్ రిపోర్ట్ తేడాగా వచ్చింది, మాత్ర మొదలుపెట్టాలా? విశాఖ వాళ్ళు చెప్పండి

మధురవాడ_సింధూరం

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్ళు, రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం. ఆఫీసులో ఏటా చేసే హెల్త్ చెకప్‌లో ఈసారి టీఎస్‌హెచ్ 7.4 వచ్చింది. పక్కన 0.4 నుంచి 4.5 వరకు నార్మల్ అని రాసి ఉంది. టీ3, టీ4 మాత్రం నార్మల్‌లోనే ఉన్నాయి. కొన్నాళ్ళుగా జుట్టు బాగా ఊడుతోంది, సాయంత్రమయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండటం లేదు. అంతకుమించి ఇబ్బందేమీ లేదు.

మేము పిల్లల కోసం అనుకుంటున్నాం, అందుకే ఎక్కువ టెన్షన్. ఆఫీసులో ఒకావిడ "మొదలుపెడితే జీవితాంతం మింగాలి, ముందే ఆలోచించుకో" అన్నారు. మా అత్తయ్యగారేమో "సముద్రం ఒడ్డున ఉండి చేపలు తినేవాళ్ళకి థైరాయిడ్ ఏటి?" అంటున్నారు. ఇంకొకరు క్యాబేజీ, కాలీఫ్లవర్ మానెయ్యమన్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియట్లేదు. ఇలాంటి రిపోర్ట్ వచ్చినవాళ్ళు ఏం చేశారో దయచేసి చెప్పండి.

కంచరపాలెం_బాబాయ్

అమ్మా, ముందు కంగారు పడకు. మా చెల్లెలు పెళ్ళికి ముందు నుంచీ ఈ మాత్ర వేసుకుంటోంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ చక్కగా చదువుకుంటున్నారు. పొద్దున్నే ఆ మాత్ర వేసుకోవడం తప్ప తనకు ఈ జబ్బు ఉందన్న సంగతే మాకెవరికీ గుర్తుండదు. ఇక్కడ డాక్టరమ్మ ఉన్నారు, చూసి చెబుతారు. ఈలోగా వీడియోలు చూసి భయం పెంచుకోకు తల్లీ.

డాక్టరమ్మ_ఎంవీపీ

సింధూరం, మంచి సమయంలో అడిగారు. గర్భం రాకముందే ఈ విషయం బయటపడటం మీకు కలిసొచ్చింది.

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. అది తయారుచేసేవి టీ4, టీ3 హార్మోన్లు. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎలా కదలాలి, ఒంట్లో వేడి ఎంత పుట్టాలి, నెలసరి సమయానికి రావాలా వద్దా, వీటన్నిటి మీదా వాటి ప్రభావం ఉంటుంది. టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్ నుంచి రాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపేది అది. పనివాళ్ళు నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచినట్టు, థైరాయిడ్ తగ్గితే పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని, బాగా పడిపోయిందంటే సాధారణంగా థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి చదువుకుంటారు. రిపోర్ట్‌లో అంకె పెద్దది కనబడగానే "నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అంటారు.

మీకు టీఎస్‌హెచ్ పెరిగింది, టీ4 ఇంకా నిలబడి ఉంది. దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటాం. ఈ దశలో అందరికీ మాత్ర అక్కర్లేదు. టీఎస్‌హెచ్ 10 దాటితే చాలావరకు మొదలుపెడతాం. ఆ లోపల ఉంటే వయసు, లక్షణాలు, గుండె పరిస్థితి, రక్తంలో థైరాయిడ్‌కి ఎదురుతిరిగే యాంటీబాడీలు, గర్భం ఆలోచన ఉందా లేదా అన్నవి చూసి నిర్ణయిస్తాం. మీ విషయంలో చివరిదే ముఖ్యం. గర్భం మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. బిడ్డ సొంత థైరాయిడ్ పూర్తిగా పని అందుకునేసరికి దాదాపు సగం గర్భం గడిచిపోతుంది.

ఇప్పుడు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) మళ్ళీ చేయించండి, వాటితోపాటు యాంటీ టీపీఓ అనే యాంటీబాడీ పరీక్ష కూడా. అది ఎక్కువుంటే కారణం హషిమోటో అని దాదాపు తేలిపోతుంది. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను శత్రువుగా భావించి నెమ్మదిగా దెబ్బతీయడం అది. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో దీన్ని మొదటిసారి వివరించాడు. అయోడిన్ సరిపడా దొరికే చోట్ల హైపోథైరాయిడిజానికి ఎక్కువగా ఇదే కారణం. చేపలు తింటే ఇది రాకుండా ఆగదు.

ఒక్క ప్రశ్న: జుట్టు కోసం ఏవైనా మాత్రలు వాడుతున్నారా?

మధురవాడ_సింధూరం

అవును మేడం. ఊడటం మొదలైనప్పటి నుంచీ ఒక సప్లిమెంట్ వాడుతున్నాను. డబ్బా మీద బయోటిన్ 10 మిల్లీగ్రాములు అని ఉంది. దానివల్లే టీఎస్‌హెచ్ పెరిగిందా?

గాజువాక_ల్యాబ్

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి దీని గురించి చెబుతాను. బయోటిన్ మీ థైరాయిడ్‌ను ఏమీ చేయదు. కానీ కొన్ని ల్యాబ్ మెషీన్లలో పరీక్ష జరిగే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. రక్తంలో అదనంగా బయోటిన్ ఉంటే ఆ లెక్క తారుమారవుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4, టీ3 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఏ జబ్బూ లేనివాళ్ళకి హైపర్, అంటే థైరాయిడ్ ఎక్కువ, అని రిపోర్ట్ వచ్చిన సందర్భాలున్నాయి. మీ విషయంలో అది ఇంకో రకంగా చూడాలి: అసలు టీఎస్‌హెచ్ 7.4 కంటే ఎక్కువే ఉండొచ్చు, టీ4 నార్మల్ అన్నది కూడా ఖాయం కాదు. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆ సప్లిమెంట్ ఆపండి, ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పండి.

ఇంకొకటి. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అందుకని ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, పొద్దున్న దాదాపు ఒకే వేళకి ఇస్తే పోల్చుకోవడానికి బాగుంటుంది. ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్ళు రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోవాలి. గట్టి జ్వరంలోనో, ఆసుపత్రిలో చేరి ఉన్నప్పుడో తప్పనిసరైతే తప్ప ఈ పరీక్ష చేయించుకోకండి. ఒంట్లో బాగోలేనప్పుడు థైరాయిడ్ జబ్బు లేకపోయినా అంకెలు మారతాయి.

పాడేరు_పంతులమ్మ

సింధూరం అత్తయ్యగారి మాట చాలామంది అంటారు, అందుకే దాని మీద నాలుగు ముక్కలు రాస్తున్నాను. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉన్న మాట నిజమే. కానీ సముద్రపు ఉప్పులో ఉండదు, ఉన్నా చాలా కొద్దిగా. నీరు ఎండి ఉప్పు గడ్డకట్టేలోపే అయోడిన్ చాలావరకు పోతుంది. నౌపడ ఉప్పు మడుల్లో తీసిన ఉప్పయినా, ఖరీదు పెట్టి కొనే సైంధవ లవణమైనా, విడిగా అయోడిన్ కలపకపోతే థైరాయిడ్‌కి పనికొచ్చేది దాదాపు ఏమీ లేనట్టే.

నేను పనిచేసే మన్యంలో మెడ ముందు వాపు ఉన్న పెద్దవాళ్ళు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తారు. కొండ నేలల్లో వానలకి అయోడిన్ కొట్టుకుపోతుంది, అక్కడ పండిన పంటలోనూ ఉండదు. సరుకు దొరక్క థైరాయిడ్ ఉబ్బిపోవడమే గాయిటర్. వాపు ఒక్కటే అయితే పరవాలేదు, కానీ అయోడిన్ బాగా తక్కువున్న తల్లికి పుట్టిన బిడ్డ బుద్ధి వికాసమే దెబ్బతింటుంది. బడిలో పిల్లలకు పాఠం చెప్పే నాకు ఇది అన్నిటికంటే బాధ కలిగించే విషయం. మన దేశంలో డాక్టర్ వి. రామలింగస్వామి బృందం హిమాలయాల దగ్గర కాంగ్రా లోయలో 1956 నుంచి చేసిన అధ్యయనంలో ఉప్పుకి అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని తేలింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. 2006 నుంచి మనుషులు తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మడం దేశమంతా నిషేధం. ఇంటికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం, అంటే కిలోకి 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.

ఇంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని ఇప్పుడు ఆరోగ్యం పేరుతో రాళ్ళుప్పుకి మారి పోగొట్టుకుంటున్నాం. ముఖ్యంగా గర్భిణులున్న ఇళ్ళలో అయోడైజ్డ్ ఉప్పే వాడండి. మూత గట్టిగా పెట్టండి, కూర దించే ముందు వేయండి.

సింహాచలం_ప్రకృతి

మా వదినకి టీఎస్‌హెచ్ 6.9 ఉండేది. మాత్రలు వద్దనుకుని రోజూ పొద్దున్న మునగాకు రసం తాగింది. మూడు నెలలకి 3.8 వచ్చింది. అందరూ ఇంగ్లీషు మందుల గురించే చెబుతున్నారు కాబట్టి ఇది కూడా తెలియాలని రాస్తున్నాను. ఎవరినీ నొప్పించాలని కాదు.

డాక్టరమ్మ_ఎంవీపీ

నొప్పించినట్టేమీ లేదండీ. మీ వదినగారికి తగ్గినందుకు సంతోషం. కానీ సింధూరంలాంటి వాళ్ళు దాన్ని చూసి నిర్ణయం తీసుకోకూడదని నా భయం. 5, 6, 7 దగ్గర ఉన్న టీఎస్‌హెచ్ ఏ మందూ లేకుండానే కొన్ని నెలల్లో దానంతటదే నార్మల్‌కి రావడం మేము తరచుగా చూస్తాం. ఆ మధ్యలో మనిషి ఏం తాగితే పేరు దానికి వస్తుంది. మునగాకు మంచి ఆకుకూర, పప్పులో వేసుకుని తినండి. కానీ హషిమోటో వల్ల థైరాయిడ్ కణాలు దెబ్బతిని టీ4 పడిపోయిన మనిషికి ఏ రసమూ ఆ హార్మోన్‌ను ఇవ్వలేదు. ఒకసారి రిపోర్ట్ తేడాగా వస్తే మళ్ళీ చేయించమని మేము అడిగేది కూడా అందుకే. అక్కర్లేనివాళ్ళకి మాత్ర అంటగట్టకూడదు, అవసరమైనవాళ్ళకి ఆలస్యం చేయకూడదు.

సీతమ్మధార_తాతయ్య

డాక్టర్ గారూ, నా వయసు 72. కాలనీలో పెట్టిన ఉచిత శిబిరంలో టీఎస్‌హెచ్ 6.1 అని చెప్పి అక్కడే మాత్రలు రాసిచ్చారు. నాకు గుండెకి స్టెంట్ ఉంది. మా అబ్బాయి వేసుకోవద్దు, ముందు అడుగుదాం అంటున్నాడు. నాకు నీరసం తప్ప ఏమీ లేదు. ఈ వయసులో నీరసం ఎవరికుండదు?

డాక్టరమ్మ_ఎంవీపీ

మీ అబ్బాయి చెప్పింది సబబుగా ఉంది బాబుగారూ. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. 30 ఏళ్ళవాళ్ళ కొలతతో 70 దాటినవాళ్ళని కొలిస్తే చాలామంది అనవసరంగా రోగులవుతారు. యూరప్‌లో 65 దాటిన 737 మంది మీద జరిగిన ట్రస్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఇలా స్వల్పంగా టీఎస్‌హెచ్ పెరిగినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూస్తే నీరసంలో ఏ తేడా లేదు. పైగా స్టెంట్ ఉన్న మనిషికి మోతాదు ఎక్కువైతే గుండె దడ, లయ తప్పడం, నొప్పి రావచ్చు. కాబట్టి కొన్ని నెలల్లో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్ళీ చేయించి, ఆ రిపోర్ట్ మీ గుండె డాక్టర్‌కి కూడా చూపించండి. ఒకవేళ మందు అవసరమని తేలినా, మీలాంటివారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. కొలెస్ట్రాల్ ఎంతుందో కూడా చూపించుకోండి, థైరాయిడ్ తగ్గితే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

నీరసానికి రక్తహీనత, షుగరు, బీ12 లోపం, నిద్ర సరిగా లేకపోవడం కూడా కారణం కావచ్చు. వాటిని వదిలేసి థైరాయిడ్ ఒక్కదాన్నే పట్టుకోకండి.

ఉక్కునగరం_షిఫ్ట్

నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ 100 వాడుతున్నాను. ఒక వారం పొద్దున్న డ్యూటీ, ఒక వారం రాత్రి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి టిఫిన్ తినేసి పడుకుంటాను, ఇక పరగడుపు అనేదే ఉండదు. దానికితోడు ఈ మధ్య కాల్షియం మాత్ర కూడా రాశారు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

మందులషాపు_మావయ్య

తమ్ముడూ, ఈ మందులో సగం పని వేసుకునే తీరులోనే ఉంటుంది. మందు సరైనదే, మోతాదు సరైనదే, అయినా టీఎస్‌హెచ్ దిగట్లేదంటూ వచ్చేవాళ్ళని మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను. అడిగితే చాలామంది మాత్ర వేసుకోగానే ఫిల్టర్ కాఫీ తాగుతారు. కాఫీ, టీ, పాలు, సోయా ఇవన్నీ మందు ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఉత్త మంచినీళ్ళతో వేసుకుని, కాఫీ అయినా టిఫిన్ అయినా కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్, గ్యాస్ కోసం వాడే యాంటాసిడ్‌లకి నాలుగు గంటల ఎడం ఉండాలి.

నీలాంటి షిఫ్టులవాళ్ళకి ఇంకో దారి ఉంది. రోజులో చివరిసారి తిన్న మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. అలా వేసుకున్నా మందు బాగానే పడుతుందని పరిశోధనల్లో తేలింది. రాత్రి డ్యూటీ వారంలో పడుకునే వేళ మారుతుంది కాబట్టి, డ్యూటీలో ఖాళీ కడుపుతో ఉండే ఒక గంట చూసుకుని రెండు వారాలూ దానికే కట్టుబడగలవేమో మీ డాక్టర్‌తో మాట్లాడు. ఈ మందు అర్ధాయువు దాదాపు ఏడు రోజులు. అంటే నువ్వు ఈరోజు వేసుకున్నదాంట్లో సగం వారం తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది. కాబట్టి గంట అటూ ఇటూ అయిందని కంగారు పడక్కర్లేదు, కడుపు ఖాళీగా ఉండటమే ముఖ్యం. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించమనేది కూడా ఈ నెమ్మదితనం వల్లే. రెండు వారాలకే చేయించి "ఏమీ తగ్గలేదు" అనుకుంటే డబ్బులు దండగ.

మన విశాఖవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ మాత్రకి వేడి, తేమ, వెలుతురు పడవు. ఇక్కడి గాలిలో తేమ సంగతి మనకి తెలిసిందే. డబ్బాలోంచి అన్నీ తీసి ప్లాస్టిక్ డబ్బీలో పోసి వంటగట్టు మీద పెట్టకండి. వచ్చిన సీసాలోనే ఉంచి, మూత వెంటనే బిగించి, పొయ్యికీ బాత్రూమ్‌కీ దూరంగా బీరువాలో పెట్టండి. ఎల్ట్రాక్సిన్ వాడేవాళ్ళు ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ వాడేవాళ్ళు థైరోనార్మ్, అదే కొనసాగించండి. కంపెనీ మారిస్తే డాక్టర్‌కి చెప్పి మళ్ళీ పరీక్ష చేయించుకోండి. చీటీలో 25, 50, 100 అని రాసేది మైక్రోగ్రాముల్లో. పెద్దవాళ్ళకి ఎవరైనా తెచ్చిపెట్టేటప్పుడు ఆ అంకె సరిచూసి ఇవ్వండి.

జీవితాంతం అన్న మాటకి భయపడేవాళ్ళకి నేనొక పాత సంగతి చెబుతుంటాను. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే అనే డాక్టర్, థైరాయిడ్ పూర్తిగా పడిపోయిన 46 ఏళ్ళ ఆవిడకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. అంతకుముందు ఆ జబ్బుకి మందే లేదు. ఆవిడ తర్వాత 28 ఏళ్ళు బతికింది. మనకి అదే హార్మోన్ చిన్న తెల్లమాత్రలో దొరుకుతోంది. ఒంట్లో తయారవ్వాల్సినదాన్నే బయటినుంచి ఇస్తున్నాం.

రాగిజావ_ఎండాడ

నా చిన్న ప్రశ్న. థైరాయిడ్ ఉన్నవాళ్ళు క్యాబేజీ, చిరుధాన్యాలు మానెయ్యాలా? మాత్ర వేసుకుంటే బరువు తగ్గుతామా? నేను పది కిలోలు పెరిగాను.

పోషకాహారం_ద్వారకానగర్

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగిలో థైరాయిడ్ అయోడిన్ తీసుకోవడాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. వండితే చాలావరకు తగ్గిపోతాయి. మనం కూర వండుకుని తినే మోతాదుకి ఏ భయమూ లేదు, పచ్చివి రసాలు తీసి రోజూ గ్లాసులకొద్దీ తాగితే తప్ప. సజ్జలు మాత్రం అయోడిన్ తక్కువున్న చోట అదే ప్రధాన ఆహారంగా రోజూ తింటే గాయిటర్‌కి దోహదం చేస్తాయి. అయోడైజ్డ్ ఉప్పు వాడే ఇంట్లో అప్పుడప్పుడు సజ్జరొట్టె తింటే ఏమీ కాదు. రాగిజావ నిశ్చింతగా తాగండి, మాత్రకి గంట ఎడం ఇవ్వండి చాలు. ఆన్‌లైన్‌లో అమ్మే సముద్రపు నాచు మాత్రల జోలికి మాత్రం వెళ్ళకండి. వాటిలో అయోడిన్ మరీ ఎక్కువుండి థైరాయిడ్‌ను ఇంకా చెడగొట్టగలవు.

బరువు విషయం సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. హైపోథైరాయిడిజం వల్ల పెరిగే బరువు ఎక్కువమందిలో రెండు నుంచి ఐదు కిలోలు, అది కూడా చాలావరకు ఉప్పు, నీరు నిలవడం వల్ల. మిగతాది తిండి, కదలిక, నిద్ర సంగతి. బీచ్ రోడ్డులో పొద్దున్న నడక ఆ పని చేస్తుంది. బరువు తగ్గడానికని మాత్ర మోతాదు పెంచుకునేవాళ్ళు ఉన్నారు. దానివల్ల గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

పెందుర్తి_అక్క

అందరూ హైపో, అంటే థైరాయిడ్ తక్కువ గురించే రాశారు. మా తమ్ముడిది ఎదురు కథ, చెప్పాలనిపించింది. వాడికి 34. నాలుగు నెలల్లో బాగా చిక్కిపోయాడు, తిండి మాత్రం ముందుకంటే ఎక్కువ. ఒకటే చెమటలు. విశాఖ ఉక్కపోతకి ఎవరికి పట్టవులే అనుకున్నాం. చేతులు వణికేవి, గుండె దడ, నిద్ర లేదు, చీటికీమాటికీ కోపం. ఒక క్లినిక్‌లో ఆందోళన అని చెప్పి నిద్రమాత్రలు ఇచ్చారు. ఆఖరికి కళ్ళు ముందుకు పొడుచుకొచ్చినట్టు కనబడితే కళ్ళ డాక్టర్ చూసి థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ. గ్రేవ్స్ అన్నారు. ఇప్పుడు థైరాయిడ్ తగ్గడానికి కార్బిమజోల్, దడకి ప్రొప్రనలాల్ వాడుతున్నాడు. తేలికపడ్డాడు. ఎన్నాళ్ళు వాడాలి? అయోడిన్ మందు అంటున్నారు, అంటే ఏమిటి?

డాక్టరమ్మ_ఎంవీపీ

మీరు రాసింది చాలామందికి పనికొస్తుందమ్మా. చల్లటి ఊళ్ళో ఒక్కడికే చెమటలు పడితే వెంటనే అనుమానం వస్తుంది, మన ఊళ్ళో రాదు. బాగా తింటూ చిక్కిపోవడం, విశ్రాంతిలో ఉన్నా నాడి నిమిషానికి 100 దాటడం, వేళ్ళు వణకడం కలిసి కనిపిస్తే టీఎస్‌హెచ్ తప్పక చేయించాలి. గ్రేవ్స్‌లో యాంటీబాడీలు థైరాయిడ్‌ను ఎడతెగకుండా ఉసిగొల్పుతాయి. ఐర్లండ్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో వర్ణించిన జబ్బు ఇది.

కార్బిమజోల్ సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతాం. ఆపాక సుమారు సగం మందికి జబ్బు తిరిగి వస్తుంది. అప్పుడు రేడియో అయోడిన్ గానీ ఆపరేషన్ గానీ ఆలోచిస్తాం. రేడియో అయోడిన్ అంటే నోటితో తీసుకునే మందు. థైరాయిడ్ దాన్ని తనలోకి లాక్కుంటుంది, అందులోని కిరణాలు గ్రంథిని లోపలినుంచి తగ్గిస్తాయి. తర్వాత చాలామందికి హైపో వచ్చి లెవోథైరాక్సిన్ వాడాల్సి వస్తుంది, అది తేలికగా సర్దుకునే సంగతి. కానీ కళ్ళ సమస్య ఉన్నవాళ్ళకి రేడియో అయోడిన్‌తో అది ముదరవచ్చు, కాబట్టి మీ తమ్ముడి విషయంలో కళ్ళ డాక్టర్‌తో కలిసి నిర్ణయించాలి. సిగరెట్ అలవాటు ఉంటే ఈరోజే మానమనండి. గ్రేవ్స్ కళ్ళకి పొగను మించిన శత్రువు లేదు.

మీ ఇంట్లో అందరికీ తెలియాల్సిన విషయం ఒకటి. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గట్టి గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తంలో తెల్లకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా ఈ మందు తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. మామూలు జలుబులే అని ఇంట్లో ఉండకూడదు.

టీఎస్‌హెచ్ పడిపోయిన ప్రతిదీ గ్రేవ్స్ కాదు. వైరస్ జ్వరం తర్వాత మెడ ముందు నొప్పితో వచ్చే థైరాయిడైటిస్ (థైరాయిడ్ వాపు), కాన్పయిన ఏడాదిలోపు నొప్పి లేకుండా వచ్చే థైరాయిడైటిస్ ఉన్నాయి. వీటిలో గ్రంథి ఎక్కువ తయారుచేయదు, నిల్వ ఉన్న హార్మోన్ కారిపోతుంది. అందుకే వీటికి కార్బిమజోల్ పనిచేయదు. కొన్నాళ్ళకి టీఎస్‌హెచ్ పెరిగి, ఆ తర్వాత చాలామందిలో మామూలవుతుంది. తేడా తెలియకపోతే యాంటీబాడీ పరీక్షో, థైరాయిడ్ స్కానో అడుగుతాం. బాలింతల్లో దడ, చిరాకు, నీరసం కనబడితే అన్నీ పచ్చి ఒళ్ళు అని కొట్టిపారేయకండి.

భీమిలి_రోడ్

మా అమ్మకి వేరే పని మీద స్కాన్ తీస్తే థైరాయిడ్‌లో 1.8 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. టీఎస్‌హెచ్ నార్మల్. గడ్డ అన్న మాట విన్నప్పటి నుంచీ అమ్మ అన్నం ముట్టడం లేదు. క్యాన్సరేమో అని ఒకటే ఏడుపు.

డాక్టరమ్మ_ఎంవీపీ

అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి: థైరాయిడ్ గడ్డల్లో నూటికి 90కి పైగా క్యాన్సర్ కాదు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ తీరు, అంచులు, లోపల సున్నపు చుక్కలు ఉన్నాయా అన్నవి చూసి టిరాడ్స్ అని ఒక స్థాయి ఇస్తారు. దాన్నిబట్టి అవసరమైతే సన్న సూదితో నమూనా తీస్తారు, ఎఫ్ఎన్ఏసీ అంటారు. ఇంజెక్షన్ అంత నొప్పే, ఆ రోజే ఇంటికొచ్చేయొచ్చు. ఒకవేళ క్యాన్సరని తేలినా ఎక్కువగా వచ్చేది పాపిలరీ రకం, అది నెమ్మదిగా పెరుగుతుంది, చికిత్సకి బాగా లొంగుతుంది. మన దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, దూరాభారం పడక్కర్లేదు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, గడ్డ త్వరగా పెరగడం ఉంటే ఆలస్యం చేయకండి. గడ్డ కరగడానికని థైరాయిడ్ మాత్రలు ఎవరైనా ఇస్తే ఎందుకని అడగండి. హార్మోన్ నార్మల్‌గా ఉన్నప్పుడు దానివల్ల లాభం తక్కువ.

మధురవాడ_సింధూరం

అందరికీ చాలా కృతజ్ఞతలు. సప్లిమెంట్ ఆపి మళ్ళీ చేయించాను. టీఎస్‌హెచ్ 8.9, ఫ్రీ టీ4 నార్మల్‌లో కింది అంచు, యాంటీ టీపీఓ బాగా ఎక్కువ. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ జబ్బుల ఓపీలో చూపించుకున్నాం. 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారు. గర్భానికి ముందు టీఎస్‌హెచ్ 2.5 లోపలికి రావాలన్నారు. గర్భం అని తెలియగానే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకుని వెంటనే రమ్మన్నారు. అత్తయ్యగారు కూడా వచ్చారు. డాక్టర్ గారితో ఆవిడ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: బిడ్డకి ఇది వస్తుందా? ఓపీలో రద్దీ వల్ల పూర్తిగా వినలేకపోయాం. మేడం, మీరు చెప్పగలరా?

డాక్టరమ్మ_ఎంవీపీ

తల్లికి హషిమోటో ఉంటే పెద్దయ్యాక పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువ. అంతే తప్ప పుట్టుకతోనే వస్తుందని కాదు. మీ మోతాదు సరిగా ఉంటే బిడ్డ మెదడుకి లోటు రాదు. గర్భంలో మోతాదు సాధారణంగా పావు వంతు నుంచి మూడో వంతు వరకు పెరుగుతుంది. సగం గర్భం గడిచేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు కాబట్టి మావయ్య చెప్పిన నాలుగు గంటల ఎడం మరవకండి. పొద్దున్న ఇది, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి, రాత్రి ఒకటి అని పెట్టుకోండి. కాన్పయ్యాక మోతాదు పాత స్థాయికి తగ్గించి ఆరు వారాలకి మళ్ళీ చూస్తారు. పాలిచ్చేటప్పుడు మాత్ర ఆపక్కర్లేదు.

పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజం వేరు. తల్లికి ఏ జబ్బూ లేకపోయినా మన దేశంలో సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. పుట్టినప్పుడు చూడటానికి బిడ్డ మామూలుగానే ఉంటుంది, అదే ప్రమాదం. రెండు వారాల లోపు మందు మొదలైతే బుద్ధి ఎదుగుదల మామూలుగా ఉంటుంది. కాబట్టి తల్లికి థైరాయిడ్ ఉన్నా లేకపోయినా ప్రతి బిడ్డకీ టీఎస్‌హెచ్ పరీక్ష అడగండి.

గాజువాక_ల్యాబ్

దీనికి నావైపు నుంచి ఒకటి కలుపుతాను. బిడ్డ పుట్టగానే టీఎస్‌హెచ్ సహజంగానే ఒక్కసారి బాగా పెరిగి, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో పుట్టగానే బొడ్డుతాడు రక్తం తీసుకుంటారు, కొన్నిచోట్ల 48 గంటలు దాటాక మడమ దగ్గర చిన్నగా గుచ్చి రక్తపు చుక్కలు వడపోత కాగితం మీద తీసుకుంటారు. తొలి రోజే మడమ రక్తం తీస్తే అంకె ఎక్కువ వచ్చి ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. త్వరగా డిశ్చార్జ్ చేస్తే మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య బిడ్డను మళ్ళీ తీసుకురమ్మంటారు. ఆ తేదీ, రిపోర్ట్ ఎప్పుడు వస్తుందో కూడా డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. రిపోర్ట్ తేడాగా ఉందని ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే, పురిటి స్నానం అయ్యాక చూద్దామని ఆగకుండా అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.